లాస్కో గుహ కాపలాదారు

మార్సెల్ రవిదా ఒక గ్యారేజీలో పని నేర్చుకునే కుర్రాడు. 1940 సెప్టెంబర్‌లో, ఫ్రాన్స్ జర్మనీకి లొంగిపోయి మూడు నెలలు కూడా కానప్పుడు, మోంతిన్యాక్ ఊరి పక్కన అడవిలో ఒక గొయ్యి అతని కంటపడింది. వాళ్ల కుక్క దాంట్లో పడిందనీ, దాన్ని తీయడానికి దిగాడనీ అందరూ చెప్తారు. ఆ కథ నేను పూర్తిగా నమ్మను. ఎందుకంటే నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబర్ 12న, ముగ్గురు స్నేహితుల్ని వెంటేసుకుని, సొంతంగా చేసుకున్న దీపంతో మళ్లీ వెళ్లాడు. కత్తితో గొయ్యి పెద్దది చేసి, ముందు తనే జారాడు. లోపల గోడల నిండా ఎద్దులు, గుర్రాలు, జింకలు. పదిహేడు వేల ఏళ్ల నాటివి. అప్పటికి అతనికి 18 ఏళ్లు, అంటే నాకన్నా ఏడాది చిన్న!

ఆ తర్వాత చేసిన పని నాకు ఇంకా నచ్చింది. ఎవరూ పాడుచేయకుండా స్నేహితుడు జాక్ మార్సాల్‌తో కలిసి గుహ ముందే గుడారం వేసుకుని కాపలా ఉన్నాడు.

యుద్ధం అయ్యాక 1948లో గుహని జనానికి తెరిచారు. ద్వారం పెద్దది చేశారు, మెట్లు కట్టారు, లైట్లు పెట్టారు. మార్సెల్, జాక్ ఇద్దరూ గైడ్లు అయ్యారు. 1955 నాటికి రోజుకి 1,200 మంది దాకా వచ్చేవారు. అసలు చిక్కు అక్కడే. మనిషి ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్, తేమ, ఒంటి వేడి ఉంటాయి. ఆ తేమ చల్లటి గోడ మీద నీటి బొట్లై, కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సున్నపురాయిని కొద్దికొద్దిగా తినేస్తుంది. గాలి శుభ్రం చేసే మిషన్ పెట్టారు. సరిపోలేదు. 1960 నుంచి గోడల మీద పచ్చ మచ్చలు మొదలయ్యాయి. అది ఆల్గే. బూట్లకంటుకుని వచ్చే మట్టి, పగలంతా వెలిగే బల్బులు, తడి గోడ, ఇంకేం కావాలి దానికి? ఇంకోపక్క కాల్సైట్ తెల్ల పొరలా పేరుకుంటోంది.

ఆల్గే మీద ఫార్మలిన్, బాక్టీరియా మీద యాంటీబయాటిక్స్ కొట్టారు. పచ్చదనం తగ్గింది. కానీ జనం వస్తూ ఉంటే మళ్లీ మొదలవుతుందని తేలిపోయి, 1963 ఏప్రిల్‌లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో గుహని మూసేయించాడు.

నాకు ఇక్కడే గుండె కలుక్కుమంటుంది. పద్దెనిమిదేళ్లకి కనిపెట్టిన గుహని పదిహేనేళ్లు రోజూ జనానికి తిప్పి చూపించాడు. తీరా చూస్తే ఆ జనం ఊపిరే బొమ్మలకి జబ్బు. వాళ్లలో తనూ ఒకడే. మూసేయడమే కరెక్ట్, అందులో అనుమానం లేదు. కానీ దాంతో మార్సెల్ ఉద్యోగం పోయింది. మళ్లీ మెకానిక్ పనికే వెళ్లాడు. జాక్ మాత్రం చివరిదాకా గుహని చూసుకుంటూ ఉండిపోయాడు.

1983లో పక్కనే నకలు గుహ తెరిచారు. మార్సెల్ 1995లో పోయాడు. 2001లో గుహలో ఈసారి ఫ్యుసేరియం అనే తెల్ల బూజు వచ్చింది, తర్వాత నల్ల మచ్చలు. బూజుని చంపడానికి కొట్టిన మందే కొన్ని సూక్ష్మజీవులకి తిండి అయిందని పరిశోధకులు గుర్తించారు (బగ్ సరిచేయబోయి ఇంకో బగ్ తెచ్చుకోవడం మనకి తెలియనిదా!). అందుకే ఇప్పుడు మందులు తగ్గించి, గాలి, తేమ, ఉష్ణోగ్రత కొలుస్తూ ఎక్కువగా కనిపెట్టుకుని ఉంటున్నారు. శాస్త్రవేత్తలు కూడా కొద్దిమందే, కొద్దిసేపే లోపలికి వెళ్తారు, ఒంటినిండా రక్షణ దుస్తులు వేసుకుని.