సూర్యాన్వేషి జాన్సెన్

పియరీ జాన్సెన్ 1824లో పారిస్ నగరంలో జన్మించాడు. బాల్యంలో జరిగిన ప్రమాదం వల్ల జీవితాంతం కుంటుతూనే నడిచాడు. అయినా సూర్యుని రహస్యాలను తెలుసుకోవడానికి ఖండాంతరాలు దాటాడు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పరిశీలించడానికి ఆయన గుంటూరు వచ్చాడు. సూర్యుని అంచున ఎగసే జ్వాలల కాంతి వర్ణపటదర్శినిలో ఉజ్జ్వలమైన రేఖలుగా కనిపించింది. ఆ జ్వాలలు వాయుమయమని తేలింది. మరునాడు గ్రహణం లేకుండానే వాటిని చూడగలిగాడు. ఇంగ్లండులో లాకియర్ కూడా స్వతంత్రంగా ఈ పద్ధతినే సాధించాడు. జ్వాలల కాంతిలోని పసుపు రేఖ ఒక కొత్త మూలకానిదని లాకియర్ ఊహించాడు. అదే హీలియం. 1895లో రామ్సే దానిని భూమిపై గుర్తించాడు.

1870లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించగా, మరొక గ్రహణాన్ని చూడడానికి జాన్సెన్ బెలూనులో నగరం దాటి ఆల్జీరియా చేరాడు. కాని మేఘాలు అడ్డుపడ్డాయి. నిరాశ చెందక మరుసటి సంవత్సరం నీలగిరులకు వచ్చి, గ్రహణవేళ సూర్యుని చుట్టూ వెలిగే కరోనాను పరిశీలించాడు. 1907లో మరణించాడు.

ఆ కరోనా నుండి వెలువడే కణప్రవాహమే సౌరపవనం. వేగవంతమైన సౌరపవనంలో హైడ్రోజన్ అయాన్ల కంటె హీలియం అయాన్లు అధికంగా వేడెక్కి ఉంటాయి. బరువైన అయాన్లకు ఎక్కువ వేడి ఎలా చేరుతున్నదో శాస్త్రజ్ఞులు నేటికీ శోధిస్తున్నారు. ఆ శోధనకు గుంటూరు గ్రహణం ఒక తొలిమెట్టు.