ఖాసీ పిల్లలకు అక్షరాలు కూర్చిన వడ్రంగి: థామస్ జోన్స్

సవర భాష నేర్చుకుని, తెలుగు లిపిలో సవర పుస్తకాలు రాసి, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించిన గిడుగు రామమూర్తి పంతులు గారు మన యువతకు తెలుసు. ఆయనకు దాదాపు యాభై ఏళ్ల ముందే ఖాసీ కొండల్లో అలాంటి పనే చేసిన మనిషి థామస్ జోన్స్.

ఆయన 1810లో వేల్స్ దేశంలో వడ్రంగి ఇంట పుట్టాడు. తానూ వడ్రంగమే చేశాడు. వేల్స్ క్రైస్తవ సంఘం పంపిన తొలి మిషనరీగా 1841 జూన్ 22న, భార్య ఆన్‌తో కలిసి చిరపుంజి చేరాడు. అంతకుముందు వచ్చిన శ్రీరాంపూర్ మిషనరీలు ఖాసీని బెంగాలీ లిపిలో రాశారు. అది అక్కడ నిలవలేదు. జోన్స్ రోమన్ లిపి తీసుకుని, తన మాతృభాష వెల్ష్ పద్ధతిలో అక్షరాలు కూర్చాడు. ఖాసీ అక్షరమాలలో ఇప్పటికీ 'జి' తర్వాత 'ఎన్‌జి' ఒకే అక్షరంగా రావడం ఆ వెల్ష్ గుర్తే.

1842 నాటికి చిర్రా, మావ్‌స్మయ్, మావ్‌మ్లూ ఊళ్లలో బడులు నడిచాయి. అక్కడ చదువు వేరు, భక్తి వేరు కాదు. వెల్ష్ తల్లులు పిల్లలకు నేర్పే ప్రశ్నోత్తరాల చిన్న పుస్తకాన్ని ఆయన ఖాసీలోకి తెచ్చాడు. తర్వాత మత్తయి సువార్తనూ అనువదించాడు. చదవడం నేర్చిన పిల్లవాడి చేతికి ముందుగా అందేది క్రీస్తు కథే. బడి బయట రంపంతో పలకలు కోయడం, కట్టెలకు బదులు బొగ్గుతో సున్నం కాల్చడం చూపించాడు. నన్నడిగితే, ఊరివాళ్లు ఆయన్ని దగ్గరికి తీయడానికి ఈ చేతిపనే ఎక్కువ సాయపడి ఉంటుంది.

1845లో ఆన్ చనిపోయింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోవడం సంఘానికి నచ్చలేదు. 1847లో బంధం తెగిపోయింది. కొండల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న హ్యారీ ఇంగ్లిస్ అనే ఆంగ్లేయుడి దౌర్జన్యాలను ఎదిరించి, చివరికి అక్కడినుంచి పారిపోవలసి వచ్చింది. జ్వరంతో 1849 సెప్టెంబర్‌లో కలకత్తాలో కన్నుమూశాడు. అప్పటికి ముప్పై తొమ్మిదేళ్లు.

మనం ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఆ బడుల వల్ల ఎందరో ఖాసీలు పాత ఆచారాలు వదిలారు. అది చూసి బాధపడిన పదహారు మంది యువకులు 1899లో సెంగ్ ఖాసీ అనే సంస్థ పెట్టి తమ మతాన్నీ పండుగలనూ కాపాడుకోవడానికి పూనుకున్నారు. వాళ్లు కూడా తమ రాతలకు వాడుకున్నది జోన్స్ కూర్చిన ఆ అక్షరాలనే.