నాదమే నేత్రం

తనలోని లోపాన్ని తలచుకొని కుంగిపోవడం మానవ సహజం. ఆ వేదన నుండి తేరుకొని, తనను తాను ఉన్నవానిగా అంగీకరించుకోవడానికి కళ గొప్ప ఆలంబన. ఆ ఆలంబన కొందరికి చిత్రలేఖనంలో, కొందరికి ఛాయాచిత్రకళలో, మరికొందరికి సంగీతంలో లభిస్తుంది. చూపు మందగించిన ఒక బాలుడు వాయులీనాన్ని ఆశ్రయించి తాను ఊరట పొందడమే గాక, ఆ వాద్యానికే కొత్త గౌరవాన్ని సంపాదించి పెట్టాడు. ఆయనే ద్వారం వేంకటస్వామి నాయుడు.

నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళినాడు బెంగళూరులో జన్మించారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. ఆయన పదవీ విరమణ అనంతరం కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. దీపాల పండుగనాడు పుట్టిన ఆ బాలునికి చిన్నతనం నుండీ చూపు మందమే. అక్షరాలు సరిగా కనిపించని కారణంగా ఉపాధ్యాయుడొకరు ఆయనను బడి నుండి పంపివేశారని చెబుతారు. తోటివారందరూ చదువుకొంటూ ఉండగా తానొక్కడే ఇంటికి మరలిరావడం ఏ పసి మనస్సుకైనా మానని గాయమే.

ఆ గాయానికి ఇంటిలోనే మందు దొరికింది. అన్నగారైన వేంకటకృష్ణయ్య వాయులీనం ఎరిగినవారు. ఆయన తమ్ముని చేరదీసి కమాను పట్టడం నేర్పారు. వాయులీనంపై స్వరస్థానాలను సూచించే మెట్లు ఉండవు. వీణకు వలె చూచి మీటే వీలు లేదు. వేలి స్పర్శనూ, చెవినీ నమ్ముకొనవలసిందే. కంటితో పనిలేని ఈ విద్య వేంకటస్వామికి సరిగ్గా తగినది. బడిలో కొరతగా నిలిచినది ఇక్కడ అడ్డుకాలేదు. గంటల తరబడి సాగిన సాధనే ఆయనకు బడి అయింది.

1919లో విజయనగరంలో మహారాజా విజయరామ గజపతి సంగీత పాఠశాలను నెలకొల్పారు. సంస్థానోద్యోగి ఒకరి అంధ కుమారునికి గల సంగీతాభిరుచి ఆ పాఠశాల స్థాపనకు ప్రేరణ అయిందని ప్రతీతి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులు. ఇరవై ఆరేళ్ల నాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరదలచి వచ్చారట. ఆయన వాదనం విన్న పెద్దలు ఆయనను విద్యార్థిగా గాక ఆచార్యునిగా నియమించారు. ఒకనాడు బడి కాదన్న బాలుడు ఇప్పుడు పాఠశాలకే గురువైనాడు. దాసుగారి తరువాత 1936లో ఆ సంస్థకు అధ్యక్షులైనారు. మధుర గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు ఆయన ఏలుబడిలోనే అక్కడ సంగీతం అభ్యసించారు. ప్రజలు నాయుడుగారిని ఆప్యాయంగా 'ఫిడేలు నాయుడుగారు' అని పిలుచుకొన్నారు.

వాయులీనం పాశ్చాత్య దేశాల నుండి వచ్చిన వాద్యం. కర్ణాటక సంగీతం దానిని తనలో కలుపుకొన్నా, కచేరీలలో గాయకుని ప్రక్కన తోడుగా ఉండడమే దాని పనిగా ఉండేది. నాయుడుగారు పాశ్చాత్యుల వాదన పద్ధతులను కూడా శ్రద్ధగా గమనించి, వాటిలోని మేలిమిని స్వీకరించారు. పొడవైన కమానుతో, గాత్రాన్ని తలపించే నాదాన్ని పలికించారు. 1938లో వేలూరులో వాయులీనమే ప్రధానంగా కచేరీ చేశారు. ప్రక్కవాద్యం ఆయన చేతిలో వేదిక నడుమకు వచ్చింది. 1952లో విశ్వవిఖ్యాత వాయులీన విద్వాంసుడు యెహుదీ మెనూహిన్, మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ ఇంట ఆయన వాదనం విని ముగ్ధుడైనాడు.

మద్రాసు సంగీత అకాడమీ 1941లో 'సంగీత కళానిధి' బిరుదుతో ఆయనను సత్కరించింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. 1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

సంగీతం నాయుడుగారి చూపును బాగుచేయలేదు. ఆ లోటు జీవితాంతం ఆయన వెంట ఉన్నది. అయితే దానితోనే నిండుగా జీవించవచ్చునన్న ధైర్యాన్ని ఆయనకు నాదం ఇచ్చింది. లేనిదానికై వగచక, ఉన్నదానిని సాధనతో వెలిగించుకొనడమే ఆయన జీవితం యువతకు అందించే సందేశం.