తొట్టి బోర్లించిన డాక్టరు

వాన వెలిశాక నంద్యాల, ఆళ్లగడ్డల్లో కొత్త కాలనీల వైపు వెళ్తే ఇళ్ల మధ్య ఖాళీ ప్లాట్లలో నీళ్లు నిలిచి కనిపిస్తాయి. పునాదుల్లో ఆగిపోయిన కట్టడాల్లో, తాళం వేసిన ఇళ్ల తొట్లలోనూ అంతే. యజమాని ఎక్కడో ఉంటారు. దోమలు మాత్రం పక్కింటికి వస్తాయి. నిలిచిన నీటిని ఎవరు తొలగించాలన్న ఈ తగవులో వందేళ్ల కిందటే తలమునకలైన వైద్యుడు సర్ రొనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న ఆల్మోరాలో పుట్టారు. కవిత్వం, గణితం అంటే ప్రాణం. సైన్యాధికారి అయిన తండ్రి పట్టుదలతో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. బెంగళూరులో పనిచేస్తున్నప్పుడు బంగళాలో దోమలు నిద్రపోనిచ్చేవి కావు. కిటికీ బయట ఉన్న నీటి తొట్టిలో దోమ పిల్లలు కనిపించాయి. తొట్టి బోర్లించగానే బాధ తగ్గింది. అధికారుల మెస్‌లోని తొట్లు, డబ్బాలు కూడా ఖాళీ చేయిద్దామంటే అక్కడి అధికారి ఎగతాళి చేసి, ఒప్పుకోలేదు. దోమల్ని భరించడమే ధర్మమని ఆయన వాదన.

అప్పటికి దోమకూ మలేరియాకూ సంబంధం రుజువు కాలేదు. లండన్‌లో పాట్రిక్ మాన్సన్ ఇచ్చిన ఊతంతో రాస్ 1895లో సికింద్రాబాద్ చేరి, దోమల్ని కోసి పరీక్షించడం మొదలుపెట్టారు. కుట్టించుకున్నందుకు హుస్సేన్ ఖాన్ అనే రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమి కనిపించింది. అందుకే ఆ తేదీ ప్రపంచ దోమల దినం. మరుసటి ఏడు కలకత్తాలో పక్షులపై పరిశోధనతో దోమకాటు ద్వారా వ్యాధి ఎలా పాకుతుందో తేల్చారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

రాస్ అంతటితో ఆగలేదు. ఆఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో దోమల నిర్మూలన దళాల్ని దింపారు. వారు ఇంటింటికీ తిరిగి డబ్బాలు ఏరి, గుంటలు పూడ్చి, నీటిపై నూనె చల్లారు. సూయజ్ కాలువ పక్కనున్న ఇస్మాయిలియాలో కాలువ కంపెనీ డబ్బు, అధికారం తోడై పని ఆగకుండా సాగింది. కొన్నేళ్లలోనే అక్కడ మలేరియా దాదాపు మాయమైంది. 1932 సెప్టెంబరు 16న రాస్ కన్నుమూశారు.

ఆయన చూపిన దారి మన వీధికీ వర్తిస్తుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి డ్రై డే. డెంగీ దోమ తొట్లు, టైర్లు, పూలకుండీల్లోని నీటిలో పెరుగుతుంది. ఊరెళ్లేటప్పుడు తొట్లు ఖాళీ చేసి, ట్యాంకు మూత బిగించాలి.

ఖాళీ ప్లాటు సంగతి మనమొక్కరమే తేల్చలేం. నీరు నిలిచిన స్థలాన్ని పూడ్చాలని, పిచ్చిచెట్లు తొలగించాలని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం పురపాలక చట్టం ప్రకారం కమిషనర్‌కు ఉంది. ఖాళీ స్థలం పన్ను కూడా మున్సిపాలిటీయే వసూలు చేస్తుంది. మీ పక్క ప్లాటులో నీరుంటే ఫొటో తీసి, తేదీ రాసి, వార్డు సచివాలయంలో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు తీసుకోండి. ఆ ప్లాటు మీదే అయితే నోటీసు వచ్చేదాకా ఆగకండి.