ఎలినార్ రూజ్వెల్టు విద్యార్థి దశ

అమెరికా అధ్యక్షుని భార్యగను, 1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి అంగీకరించిన మానవహక్కుల ప్రకటనను రచించిన సంఘమునకు అధ్యక్షురాలుగను ఎలినార్ రూజ్వెల్టును లోకమెఱుగును. ఈమె బాల్యమున చీకటికిని, నీటికిని, పెద్దల కోపమునకును జడిసెడి పిల్ల యనిన మన విద్యార్థులు నమ్మరేమో!

ఈమె 1884లో న్యూయార్కు నగరమున జన్మించెను. రెండున్నర యేండ్ల వయస్సున ఆమె పయనించుచున్న యోడ వేఱొక యోడను ఢీకొనెను. నీటిభయము నాటినుండి పట్టుకొనెను. సౌందర్యవతియగు తల్లి, గంభీరముగ నుండు ఆ బిడ్డను అవ్వయని పరిహసించెడిది. 1892లో తల్లియు, 1893లో ఒక తమ్ముడును, 1894లో ప్రాణప్రదుడగు తండ్రియు గతించిరి. తండ్రి మద్యపానమునకు లోనై చెడినవాడు. అయినను ఆమెను మనసార ప్రేమించినవాడాయనయే. కఠినురాలగు అమ్మమ్మ యింట ఆ బాలిక పుస్తకములలోను, తండ్రి జ్ఞాపకములలోను తలదాచుకొనెను.

జంకు కొంత పుట్టుకతోనే వచ్చునని మనస్తత్వ పరిశోధకులు నేడు చెప్పుచున్నారు. అట్టి పిల్లలు కష్టము వచ్చినపుడు తమలో తాము ముడుచుకొనుట యెక్కువ. వెనుక బల్లపై మౌనముగ కూర్చుండు పిల్లలను జూచినపుడెల్ల మాకీమె జ్ఞప్తికి వచ్చును.

1899లో ఆమెను లండను చెంత నున్న ఆలెన్స్‌వుడ్ పాఠశాలకు పంపిరి. అచట అందఱును ఫ్రెంచి భాషలోనే మాటలాడవలెను. క్రొత్త బాలికలు తడబడుచుండగా, పసితనమున దాదివలన ఆ భాష నేర్చిన ఎలినార్ తడబడలేదు. ఇది కేవలము అదృష్టమే; కాని భయస్థులకు మొదటి దినము సుఖముగ గడచుట చిన్న విషయము కాదు. ప్రధానోపాధ్యాయిని మారీ సువెస్ట్రు ఈ పిల్లను ధైర్యశాలినిగా మార్చవలెనని తొందరపడలేదు. ఆమెలోని శ్రద్ధను గుర్తించి దానికి పని కల్పించెను. సెలవులలో ఇటలీ, ఫ్రాన్సు దేశములకు వెంట గొనిపోయి, టిక్కెట్లు కొనుట, రైళ్లు విచారించుట, పెట్టెలు సర్దుట ఆమెకే యప్పగించెను. ఫ్లారెన్సు నగరమును ఒంటరిగా చూచి రమ్మని పంపెను. హాకీ మొదటి జట్టులో చోటు దొరకిన దినము ఆ బాలికకు పండుగయే.

1902లో స్వదేశమునకు మరలి, ధనికుల నాట్యసభలలో నిలువవలసి వచ్చినపుడు పాత భయము తిరిగి వచ్చెను. అంతట ఆమె న్యూయార్కులో వలసవచ్చిన పేదల బిడ్డలకు వ్యాయామమును, నాట్యమును నేర్పు పనిలో చేరెను. విచారము గ్రమ్మి మౌనము దాల్చు స్వభావము పెద్దతనమున గూడ ఆమెను విడువలేదు. పనియు ఆమెను విడువలేదు.

సువెస్ట్రు 1905లో మరణించెను. 1962లో తాను కన్నుమూయువఱకు ఎలినార్ ఆ గురువు చిత్రపటమును తన వ్రాతబల్లపై నుంచుకొనెను.