థామస్ కావర్‌హిల్ జెర్డాన్

థామస్ కావర్‌హిల్ జెర్డాన్ (అక్టోబర్ 12, 1811 - జూన్ 12, 1872) బ్రిటిష్ వైద్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త. పక్షి శాస్త్రవేత్తగా ప్రసిద్ధుడైనా, దక్షిణ భారతదేశపు కప్పలను తొలినాళ్ళలో శాస్త్రీయంగా నమోదు చేసినవారిలో ఈయన ముఖ్యుడు.

జీవితం

జెర్డాన్ ఇంగ్లండులోని డర్హమ్ ప్రాంతంలో జన్మించాడు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదివి, ఈస్టిండియా కంపెనీ కొలువులో సహాయ వైద్యునిగా చేరి 1836లో మద్రాసు వచ్చాడు. మొదట గంజాం ప్రాంతంలో సైనికులకు వైద్యం చేస్తూ, తీరిక వేళల్లో తూర్పు కనుమల పక్షులను పరిశీలించాడు. తరువాత తిరుచిరాపల్లి, జాల్నాలలో పనిచేశాడు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు యానాదులతో పరిచయం ఏర్పడింది. అడవి జీవుల గురించి వారికున్న అనుభవజ్ఞానం ఈయనకు ఎంతో ఉపకరించింది. 1862-64 మధ్య వెలువడిన భారతదేశ పక్షుల గ్రంథంలో పలు పక్షుల తెలుగు పేర్లను కూడా చేర్చాడు. 1868లో పదవీ విరమణ చేసి, 1870లో స్వదేశానికి వెళ్ళి, రెండేళ్ళకు మరణించాడు.

కప్పల పరిశీలన

1853లో ద్వీపకల్ప భారతదేశపు సరీసృపాల జాబితాను బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించాడు. ఆనాటి పద్ధతి ప్రకారం కప్పలు కూడా అందులోనే చేరాయి. నేడు జెర్డాన్ కప్ప అని పిలిచే హోప్లోబట్రాకస్ క్రాసస్‌ను ఈయన అందులోనే వర్ణించాడు. దీని వెనుక పాదాలకు పార వంటి గట్టి బొడిపె ఉంటుంది. దానితో నేలను తవ్వుకొని ఎండాకాలమంతా మట్టిలో దాగి, తొలకరికి బయటకు వస్తుంది. పొలాల్లో కనిపించే చిన్న కప్ప మినర్వార్య అగ్రికోలా పేరు కూడా ఈ జాబితాలోనిదే. దీనిని చాలాకాలం మరొక జాతిలో కలిపివేసినా, 21వ శతాబ్దంలో తిరిగి ప్రత్యేక జాతిగా గుర్తించారు.

ప్రాముఖ్యత, పరిమితులు

ఒక జీవి తగ్గుతున్నదని చెప్పడానికి పూర్వం అది ఎక్కడ, ఎంత ఉండేదో తెలియాలి. జెర్డాన్ జాబితా మొదటి ప్రశ్నకు కొంతవరకే సమాధానమిస్తుంది, రెండవదానికి ఇవ్వదు. కొన్ని జాతులకు ఊరి పేరు లేకుండా కర్నాటిక్ వంటి విశాలమైన ప్రాంతాన్ని మాత్రమే పేర్కొన్నాడు. పలు కప్పల మూల నమూనాలు నేడు లభ్యం కావు.

ఈ లోటు తరువాతి కాలంలో స్పష్టమైంది. కప్ప కాళ్ళ ఎగుమతి కోసం పెద్ద కప్పలను విస్తారంగా పట్టడంతో, భారత ప్రభుత్వం 1987లో ఆ ఎగుమతిని నిషేధించింది. అయితే అంతకుముందు చెరువుల్లో ఎన్ని కప్పలుండేవో తెలిపే లెక్కలు చాలాచోట్ల లేవు. 2023లో ప్రచురితమైన ప్రపంచ అంచనా ప్రకారం ఉభయచర జాతుల్లో సుమారు 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వంటి మెట్ట ప్రాంతాల్లో కప్పల మనుగడ వాన మీద, చెరువులు కుంటల మీద ఆధారపడి ఉంటుంది. ఎండాకాలంలో వెతికితే నేలలో దాగిన కప్పలు లెక్కకు రావు. అందుచేత సర్వేలు తొలకరి వానల తరువాత, రాత్రివేళ, కప్పల అరుపులను కూడా గుర్తిస్తూ, ఏటా అవే చోట్ల జరగాలి. ఈ ప్రాంతంలో వెతకవలసినది ఇంకా ఉంది. పుంగనూరు, కుప్పం మధ్యనున్న పలమనేరు అడవులలో, శ్రీలంకకే పరిమితమని భావించిన బంగారు వీపు కప్ప కనిపించినట్లు 2024లో పరిశోధకులు వెల్లడించారు.

కలివికోడి

జెర్డాన్ పేరు మీదుగా ప్రసిద్ధమైన పక్షి కలివికోడి. 1848లో బ్లైత్ దీనిని వర్ణించాడు. 1900 తరువాత కనిపించక అంతరించిందనుకున్న ఈ పక్షి, 1986లో కడప ప్రాంతంలో తిరిగి దొరికింది. పాత నమోదులే దానిని ఎక్కడ వెతకాలో సూచించాయి.