కోర్సు లేని కొలువు... 28 ఏళ్ల సేవ

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఎప్పుడైనా పన్ను తీయించుకున్నారా? పై పన్ను అయితే డాక్టర్ చిగురు పైభాగంలో ఒక సూది, లోపల అంగిట్లో ఇంకో చిన్న సూది వేస్తారు. పై దవడ ఎముక పల్చగా, సన్న రంధ్రాలతో ఉంటుంది. మందు దాని గుండా ఇంకి పంటి వేరు దగ్గరి నరాన్ని చేరుతుంది. కొన్ని నిమిషాల్లో ఆ చోటు మొద్దుబారుతుంది. మీరు మాత్రం మెలకువగానే ఉంటారు.

ఈ సూదులు రాకముందు చాలాచోట్ల దిక్కు క్లోరోఫామే. పన్ను పీకడానికి కూడా మనిషిని పూర్తిగా మత్తులోకి పంపేవాళ్లు. మోతాదు కాస్త ఎక్కువైతే ఆ మనిషి మళ్లీ లేచేవాడు కాదు. అంత ప్రమాదకరమైన పనిని చేతుల్లోకి తీసుకున్న ఒకమ్మాయి కథ ఇది. ఎక్కడో కాదు, మన హైవే చివర ఉన్న హైదరాబాద్‌లోనే. జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు వెళ్తే ఆ రోజుల్లో నిజాం రాజ్యం మొదలయ్యేది.

ఐదుగురిలో ఒకరు

1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే యువ డాక్టర్, కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని చూపించాడు. లోకల్ అనస్తీషియా అలా మొదలైంది. ఆ మరుసటి ఏడాదే, 1885లో, హైదరాబాద్ మెడికల్ స్కూల్లో తొలిసారి ఐదుగురు అమ్మాయిలు చేరారు. వారిలో ఒకరు పార్శీ కుటుంబానికి చెందిన రూపాబాయి ఫర్దూన్‌జీ. 1889లో ఆమె హకీమ్ పట్టా అందుకున్నారు.

స్కూల్ ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫామ్ మీద గట్టి నమ్మకం. అది సురక్షితమేనా అని తేల్చడానికి 1888, 1889లో హైదరాబాద్‌లో రెండు కమిషన్లు పనిచేశాయి. వందల జంతువులపై ప్రయోగాలు జరిగాయి. ఖర్చుకు నిజాం ప్రభుత్వం సాయం చేసింది. ఆ పనిలో రూపాబాయి పాల్గొన్నారు. లారీ నేర్పిన సూత్రం ఒక్కటే: మత్తు ఇస్తున్నంతసేపూ కళ్లు రోగి ఊపిరి మీదే ఉండాలి.

ముందు ఆగేది ఊపిరే, గుండె ఆ తర్వాతేనని కమిషన్ తేల్చింది. అది పూర్తిగా నిజం కాదు. క్లోరోఫామ్ గుండెను నేరుగా కూడా ఆపగలదని 1911లో లెవీ ప్రయోగాలు చూపించాయి. అయినా ఊపిరిని గమనించే అలవాటు మాత్రం నేటికీ నిలిచింది.

ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ క్లాసుకి

1889 నుంచి 1917 వరకు రూపాబాయి రెసిడెన్సీ, అఫ్జల్‌గంజ్, విక్టోరియా జనానా ఆస్పత్రుల్లో మత్తు డాక్టర్‌గా పనిచేశారు. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్తీషియా డాక్టర్‌గా ఆమెకు పేరుంది. అప్పటికి ఈ విభాగానికి ప్రత్యేకంగా కోర్సే లేదు. ఇంగ్లండ్‌లో తొలి డిప్లొమా పరీక్ష వచ్చింది 1935లో!

కోర్సు లేదని ఆమె ఊరుకోలేదు. 1909లో, ఇరవై ఏళ్ల అనుభవం ఉండి కూడా, ఎడిన్‌బరో వెళ్లి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివారు. ఇచ్చే మందు ఆవిరి ఎలా ప్రవర్తిస్తుందో తెలియాలంటే ఆ రెండూ కావాలి మరి. తిరిగొచ్చి మళ్లీ విధుల్లో చేరారు. చివరికి చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంట్‌గా 1920లో రిటైరయ్యారు.

మీకేంటి?

నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనకి ఆమె జీవితం ఒక మాట చెబుతుంది. పని ముందు పుడుతుంది, దాని కోర్సు తర్వాత వస్తుంది. ఇప్పుడైతే కోర్సులూ ఉన్నాయి. ఇంటర్ బైపీసీ చదివినవాళ్లకి అనస్తీషియా టెక్నాలజీలో బీఎస్సీ ఉంది. బయోమెడికల్ వైపు వెళ్లే ఇంజినీర్లకి ఆపరేషన్ థియేటర్ మానిటర్లు పెద్ద రంగం. రూపాబాయి కళ్లతో కాపలా కాసిన ఊపిరినే ఇవాళ ఆ తెర మీద గీతలుగా చూస్తున్నాం. ఆ గీత ఏం చెబుతోందో అర్థం చేసుకునే మనిషి మాత్రం ఇప్పటికీ పక్కన ఉండాల్సిందే. అది మీరే ఎందుకు కాకూడదు?